ఎన్నికల ఆరోపణలు - పత్రికల పక్షపాతం

2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ పోలింగ్ రోజున, జాబితాలో పేరు లేక ఎందరో వెనుదిరిగారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల వారిలో ఒకరు. ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ కూడా చెప్పారు. ఆనాటి వార్తలు తిరగేయండి. ‘ఓట్ల గల్లంతు’ అన్న మాట దొరికినంత సులువుగా ఫారం-7 ఎవరిచ్చారు, తొలగింపుకు ముందు నోటీసు అందిందా అన్న ప్రశ్నలు దొరకవు. పేరు గల్లంతు కావడం, దొంగ ఓటు, రిగ్గింగ్ వేర్వేరు సంగతులు. మూడింటినీ ఒకే గాట కట్టడం ఈ వార్తల్లో నాకు కనిపించిన ప్రధాన లోపం.

ఇక పక్షపాతం. బెల్లంపల్లినే చూడండి. 2018లో ఇక్కడ బీఎస్పీ తరఫున ఓడిన గడ్డం వినోద్ 2023లో కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. వీ6, వెలుగు ఆయన సోదరుడు వివేక్‌వి. నమస్తే తెలంగాణ బీఆర్ఎస్ పక్షం. అందుకే ఇక్కడి పాఠకుడు వార్తకన్నా ముందు పత్రిక పేరు చూస్తాడు. (టీ కొట్టు దగ్గర ఒకే వార్తను రెండు పత్రికల్లో చదివి నవ్వుకునే గని కార్మికులను నేనెరుగుదును.) ఆ అనుమానం సబబే. అయితే యజమాని ఎవరో తెలిసినంత మాత్రాన వార్త అబద్ధమని తేలదు. ఏ పోలింగ్ కేంద్రం, ఎన్ని పేర్లు, అధికారి వివరణ ఏమిటి - ఇవి ఏ పత్రికలో ఉన్నాయో, ఏ పత్రిక వదిలేసిందో పక్కపక్కన పెట్టి మీరే చూడండి.