నోరులేని రోగి జబ్బు పట్టేవాళ్లు

హన్మకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జూపార్కులో చిరుతను, ఎలుగుబంటిని చూసి మురిసిపోతాం. వాటికి జబ్బు చేస్తే కనిపెట్టేవాళ్లను మాత్రం తలుచుకోం.

అడవి జంతువు నొప్పిని బయటపడనీయదు. మెదడులో కణితి లేచినా తొలి ఆనవాలు పట్టేది రోజూ మేత వేసే కీపరే. ఒకే వైపు గుండ్రంగా తిరగడం, తల ఓరగా వాల్చడం, ఎదురుగా ఉన్న మాంసం ముక్కను తడుముకోవడం, ఉన్నట్టుండి ఫిట్స్. డిస్టెంపర్ వైరస్ సోకినా, లోచెవిలో ఇన్ఫెక్షన్ వచ్చినా వీటిలో కొన్ని కనిపిస్తాయి. డాక్టరు ఒక్కో అనుమానాన్నీ తీసేస్తూ పోవాలి. స్కానింగ్‌కు మత్తు తప్పదు, ఆ మత్తే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. ఎంఆర్ఐలో గడ్డ కనిపించినా, అది ఏ కణితో ఖాయంగా చెప్పేది కణజాల పరీక్షే. చాలాసార్లు అది పోస్టుమార్టంలోనే కుదురుతుంది: ఫార్మలిన్‌లో ఉంచిన మెదడును పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద చూస్తారు.

వేరే జబ్బులకూ ఇదే వరస. 2021లో హైదరాబాద్ నెహ్రూ జూలో 8 సింహాలకు కొవిడ్ సోకిందని సీసీఎంబీ పరిశోధన సంస్థ ల్యాబ్ తేల్చింది. దానికి ముందు వాటి దగ్గును పట్టించుకున్న మనుషులున్నారు. మామునూరు వెటర్నరీ కాలేజీ పిల్లలు ముందుగా నేర్వాల్సింది ఆ చూపునే.