పరుగులోనూ నలగని స్వరం

1955 ఫిబ్రవరిలో ట్రంపెట్ వాద్యకారుడు క్లిఫర్డ్ బ్రౌన్, డ్రమ్మర్ మాక్స్ రోచ్ బృందం రికార్డు చేసిన ‘చెరోకీ’ ఒకసారి వినండి. రే నోబుల్ 1938లో కట్టిన ఆ పాట జాజ్ వాద్యకారులకు పెద్ద పరీక్ష. నిడివి 64 బార్లు, అంటే 64 తాళావర్తనాలు. మధ్య భాగానికి వచ్చేసరికి ఆధార షడ్జం ఉన్నట్టుండి అర మెట్టు పైకి ఎగిరి, అక్కడి నుంచి నాలుగు బార్లకోసారి ఒక్కో మెట్టు దిగుతూ వస్తుంది. నెమ్మదిగా వాయించినా దారి తప్పే చోటు అది. వీళ్లు ఎత్తుకున్న వేగానికి కాలితో తాళం వేయాలని చూస్తే కాలు వెనకబడిపోతుంది. ఇంత వేగంలో ట్రంపెట్ వాయించేవాళ్లలో చాలామంది కొన్ని స్వరాలను మింగేస్తారు, కొన్నిటిని ఒకదానిలో ఒకటి కలిపి జార్చేస్తారు. వినేవాళ్లు కూడా ఆ ఊపులో పట్టించుకోరు. బ్రౌన్ మింగడు, జార్చడు. ప్రతి స్వరానికీ ఎత్తుగడ ఉంటుంది, నిండుదనం ఉంటుంది, ముగింపు ఉంటుంది. రికార్డు వేగం సగానికి తగ్గించి విన్నా ఎక్కడా చిరుగు కనబడదు.

ఈ పనితనం గురించే ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను. ఎందుకంటే బ్రౌన్ మాట వచ్చినప్పుడల్లా అందరూ ముందు అతని చావు గురించి మాట్లాడతారు. ఇరవై అయిదేళ్లకే పోయాడు, బతికుంటే ఎంతటివాడయ్యేవాడో అంటారు. ఆ బాధ నిజమైనదే. కానీ ఆ మాటలో తెలియకుండానే ఒక అన్యాయం జరుగుతోంది. అతను చేసిన పని ఇంకా మొగ్గలోనే ఉన్నట్టు, విచ్చుకోవాల్సింది ఇంకా మిగిలే ఉన్నట్టు ధ్వనిస్తుంది. అతని రికార్డులు అలా వినిపించవు. అక్కడున్నది పూర్తయిన పని.

1930 అక్టోబరు 30న అమెరికాలోని డెలావేర్ రాష్ట్రం, విల్మింగ్టన్‌లో పుట్టాడు బ్రౌన్. తండ్రికి వాద్యాలంటే సరదా. ఇంట్లో మెరుస్తూ కనబడే ట్రంపెట్ మీద పిల్లవాడి కన్ను పడింది. పన్నెండు పదమూడేళ్ల వయసులో అది చేతికొచ్చింది. ఆ ఊళ్లో రాబర్ట్ లౌరీ అనే గురువు ఉండేవాడు, అందరూ బాయ్‌సీ అని పిలిచేవారు. వేళ్లకంటే ముందు చెవికి సాధన చేయించాలన్నది లౌరీ పట్టుదల. స్వరాల కూర్పు మారినప్పుడు ఆ మార్పు ముందు చెవిలో పలకాలి, ఆ తర్వాతే వాద్యంలో. బ్రౌన్ కాలేజీలో మొదట చేరింది గణితంలో, ఆ తర్వాత సంగీతానికి మారాడు. లెక్కలూ చదరంగమూ ఇష్టపడేవాడు కాబట్టే వాదనం అంత పొందికగా ఉందని కొందరంటారు. నాకు మాత్రం ఆ పొందిక లౌరీ దగ్గర చెవితో నేర్చిన పాఠం లాగే వినబడుతుంది.

1950 జూన్‌లో, కచేరీ చేసి తిరిగొస్తుండగా, ఘోరమైన కారు ప్రమాదం జరిగింది. దాదాపు ఏడాది మంచాన పడ్డాడు. ట్రంపెట్ మళ్లీ పట్టగలడా అన్న అనుమానం ఉన్న రోజుల్లో ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ వచ్చి ధైర్యం చెప్పాడు. సరిగ్గా అప్పుడే, జూలైలో, బ్రౌన్ ఎంతగానో ఆరాధించిన ట్రంపెట్ వాద్యకారుడు ఫాట్స్ నవారో ఇరవై ఆరేళ్లకే క్షయతో, మత్తుమందు వ్యసనంతో పోయాడు. నిండైన, గుండ్రటి నాదాన్ని వదలకుండా వేగంగా వాయించవచ్చని బ్రౌన్‌కు చూపినవాడు నవారో. కోలుకుంటున్న కాలంలో బ్రౌన్ పియానో మీద కూర్చునేవాడు. మొదటి రికార్డులు 1952లో క్రిస్ పావెల్ బృందంతో వచ్చినప్పటికి రెండూ వాయించేవాడు. పియానో వచ్చినవాడికి స్వరాల కూర్పు కంటి ముందు పరుచుకుని ఉంటుంది. ట్రంపెట్‌లో ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది, కానీ బ్రౌన్ ఆ ఒక్క స్వరంతోనే కింద పియానో ఏం వాయిస్తోందో చెప్పేస్తాడు. పియానో ఆగిపోయినా పాట ఎక్కడుందో మనకు తెలుస్తూనే ఉంటుంది.

ఈ వాద్యం ఎంత మొండిదో కొంచెం చెప్పాలి. ట్రంపెట్‌కు మీటలు మూడే. మధ్య మీట నొక్కితే స్వరం అర మెట్టు దిగుతుంది, మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడోది నొక్కితే ఒకటిన్నర. వీటిని ఎలా కలిపినా దారులు ఏడెనిమిదికి మించవు. మిగతా స్వరాలన్నీ పెదవుల బిగువుతో, ఊపిరి వేగంతో పుట్టించుకోవాల్సిందే. వేళ్లు కదలకుండానే ఒకే మీట మీద నాలుగైదు వేర్వేరు స్వరాలు పలుకుతాయి. పైకి వెళ్లేకొద్దీ అవి మరీ దగ్గరవుతాయి. పెదవి కొంచెం అటూ ఇటూ అయితే పక్క స్వరం పలికేస్తుంది. సాక్సోఫోన్ మీద చక్కగా జారే పదం ట్రంపెట్ మీద ఎత్తుపల్లాల దారి అవుతుంది. వేలు, పెదవి, నాలుక, ఊపిరి నాలుగూ సెకనులో పదో వంతులోపు ఒక్కచోటికి చేరాలి.

అందులో నాలుక పని బ్రౌన్‌ను మిగతావాళ్లకన్నా ఎక్కువగా వేరుచేస్తుంది. మన నాదస్వర విద్వాంసులు తుత్తుకారం అంటారు కదా, నాలుక కొసతో ఊపిరిని తుంచి ఒక్కో స్వరాన్ని విడిగా నిలబెట్టడం, అలాంటి పనే ఇది. ఆ తరం ట్రంపెట్ వాద్యకారుల్లో ఎక్కువమంది వేగంగా వాయించేటప్పుడు రెండు మూడు స్వరాలను ఒకే ఊపిరిలో కలిపేవారు. బ్రౌన్ ఎక్కువ స్వరాలను నాలుకతో తాకుతాడు. అయినా అది గట్టిగా, పొడిగా తగలదు, తాకిడి మెత్తగా ఉంటుంది. స్వరాలన్నీ విడివిడిగా ఉంటాయి, వరుస మాత్రం తెగదు. ఈ రెండూ ఒకేసారి సాధించినవాళ్లు చాలా తక్కువ. గిలెస్పీలా అతను తారస్థాయిలో మెరుపులు మెరిపించాలని చూడడు. ఎక్కువగా మధ్యస్థాయిలోనే ఉంటాడు. నాదం వెచ్చగా, వెడల్పుగా ఉంటుంది. పైకి వెళ్లినా సన్నబడదు.

నిర్మాణం ఎలా చేస్తాడో తెలియాలంటే ‘జాయ్ స్ప్రింగ్’ వినాలి. 1954 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో ఎమార్సీ సంస్థకు చేసిన రికార్డు అది. ఆ ఏడాది జూన్ 26న పెళ్లాడిన లారూ ఆండర్సన్ పేరుమీద కట్టిన పాట. 32 బార్లు. మొదటి ఎనిమిది బార్ల వరసనే రెండోసారి అర మెట్టు పైకి జరిపాడు. మూడో భాగం మరో అర మెట్టు పైనుంచి మొదలై, ఒక్కో మెట్టు దిగుతూ వెళ్లి, చివరికి తిరిగి ఇంటి షడ్జానికి వస్తుంది. కాగితం మీద చూస్తే చిక్కుముడి. వింటే ఒక్కసారికే నోట్లో ఆడే వరస. కష్టాన్ని వినేవాళ్ల మీద వేయకుండా వాయించేవాడి మీదే ఉంచాడు. ఇది మామూలు ఔదార్యం కాదు.

ఇక మనోధర్మం మొదలయ్యాక అతను చేసే పని గమనించండి. చిన్న పదం ఒకటి వాయిస్తాడు. కొంచెం ఆగుతాడు. అదే పదాన్ని కొత్త కూర్పుకు తగినట్టు ఒక స్వరం మార్చి మళ్లీ అంటాడు. మూడోసారి అది పొడుగ్గా సాగి, రెండు మూడు బార్లు దాటి, మనం ఊహించని చోట దిగుతుంది. దిగే ముందు గమ్యస్వరానికి పైనొకటి, కిందొకటి తాకి, సరిగ్గా దెబ్బ పడే వేళకు దాని మీద నిలుస్తాడు. అందుకే అంత వేగంలోనూ ఎక్కడికి వచ్చామో వినేవాళ్లకు తెలుస్తుంది. పొడుగు పదాల చివర మాత్రం తొందరపడడు. ఆఖరి స్వరాన్ని పట్టుకుని, నెమ్మదిగా ఊపి వదులుతాడు. ఆ ఊపులో ఒక మనిషి గొంతు ఉంది. ఈ సంగీతానికి కొత్తవాళ్లు ‘సాండూ’తో మొదలుపెట్టవచ్చు. పన్నెండు బార్ల మామూలు బ్లూస్. వేగం లేదు, చిక్కు లేదు. ఈ పనితనమంతా నడక వేగంలో, అరచేతిలో పెట్టి చూపినట్టు ఉంటుంది.

1955 జనవరిలో నీల్ హెఫ్టీ వాద్యవృంద రచనతో తీగవాద్యాల తోడుగా ఒక ఆల్బమ్ చేశాడు. ‘స్టార్‌డస్ట్’, ‘లారా’, ‘స్మోక్ గెట్స్ ఇన్ యువర్ ఐస్’ వంటి పాత పాటలు. కొందరు జాజ్ అభిమానులకు ఇది రుచించదు. ఇందులో మనోధర్మం దాదాపు లేదు, పాటను పాటగానే వాయించాడు. నేను మాత్రం దీన్ని అతని గొప్ప రికార్డుల్లో చేరుస్తాను. వేగం లేదు, దాక్కోవడానికి చోటు లేదు. నాలుగు మాత్రల పాటు నిలిపిన స్వరం మొదట ఎంత నిండుగా ఉందో చివర కూడా అంతే నిండుగా ఉండాలి. ఉంది. చెరోకీలో ఆ పరుగు తీసినవాడి నాదానికి పునాది ఏమిటో ఇక్కడ బయటపడుతుంది.

అంతకుముందే, 1953 శరత్కాలంలో, లయనల్ హాంప్టన్ బృందంతో ఐరోపా వెళ్లాడు. బృందంలో మరో ట్రంపెట్ వాద్యకారుడు ఆర్ట్ ఫార్మర్, క్విన్సీ జోన్స్, జీజీ గ్రైస్ ఉన్నారు. బయట ఎక్కడా రికార్డు చేయకూడదని హాంప్టన్ కట్టడి. కుర్రాళ్లు రాత్రిళ్లు చాటుగా జారుకుని పారిస్‌లో, స్టాక్‌హోమ్‌లో రికార్డు చేశారు. స్టాక్‌హోమ్ రికార్డులో ఫార్మర్, బ్రౌన్ పక్కపక్కనే వాయిస్తారు. ఒకరిది తక్కువ మాటల తీరు, మరొకరిది ధారాళం. ఒకరినొకరు వింటూ వాయించడం స్పష్టంగా తెలుస్తుంది. 1954 ఫిబ్రవరి 21న న్యూయార్కు బర్డ్‌లాండ్ క్లబ్బులో డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీతో చేసిన కచేరీ మరో రకం. అక్కడ డ్రమ్స్ నిప్పులు చెరుగుతుంటే బ్రౌన్ ఎదురు నిలిచాడు.

ఆ తర్వాత మాక్స్ రోచ్ పిలిచాడు. రోచ్ అప్పటికే సాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్‌తో చరిత్ర సృష్టించిన డ్రమ్మర్, బ్రౌన్ కన్నా ఆరేళ్లు పెద్ద. అయినా బృందానికి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టాడు. సాక్సోఫోన్ హెరాల్డ్ లాండ్, పియానో రిచీ పావెల్, బాస్ జార్జ్ మారో. రోచ్ డ్రమ్స్ మీద తాళం మాత్రమే వేయడు, వరస వాయిస్తాడు. నాలుగేసి బార్లు పంచుకుని ఒకరి తర్వాత ఒకరు వాయించే చోట రోచ్ వేసిన లయను బ్రౌన్ అందుకుని స్వరాల్లోకి తిప్పడం వినబడుతుంది. ‘పారిసియన్ థరోఫేర్’ మొదట్లో అందరూ కలిసి పారిస్ వీధిలో కార్ల హారన్లను వాయిస్తారు. ఆ అల్లరి వెనక ఎంత సాధన ఉందో అందరూ ఒక్కసారి అసలు వరసలోకి దూకినప్పుడు అర్థమవుతుంది. 1955 చివర్లో లాండ్ స్థానంలో సోనీ రోలిన్స్ చేరాడు. అప్పుడే హెరాయిన్ వదిలించుకుని కొత్తగా నిలబడుతున్న మనిషి. శుభ్రంగా బతుకుతూ కూడా గొప్ప జాజ్ వాయించవచ్చని బ్రౌన్‌ను చూసి తెలుసుకున్నానని రోలిన్స్ తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. పార్కర్‌లా వాయించాలంటే పార్కర్‌లా మత్తులో బతకాలని నమ్మి ఆ తరంలో ఎంతోమంది నాశనమయ్యారు. బ్రౌన్ ఎవరికీ బోధించలేదు. రోజూ సాధన చేశాడు, వేళకు వచ్చాడు, బాగా వాయించాడు.

1956 జూన్ 26న, రెండో పెళ్లిరోజున, ఫిలడెల్ఫియా నుంచి షికాగో కచేరీకి వెళుతుండగా పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద వానలో కారు అదుపు తప్పింది. బ్రౌన్, రిచీ పావెల్, పావెల్ భార్య ముగ్గురూ అక్కడికక్కడే పోయారు. తర్వాత బెన్నీ గోల్సన్ ‘ఐ రిమెంబర్ క్లిఫర్డ్’ కట్టాడు. ట్రంపెట్ వాద్యకారులు దాన్ని ఇప్పటికీ వాయిస్తూనే ఉన్నారు.

1973లో కొలంబియా సంస్థ ‘ది బిగినింగ్ అండ్ ది ఎండ్’ అనే రికార్డు విడుదల చేసింది. అందులో ఫిలడెల్ఫియాలోని ఒక సంగీత దుకాణంలో చేసిన కచేరీ ఉంది. అది ప్రమాదానికి కొన్ని గంటల ముందు వాయించిందని ఏళ్ల తరబడి అందరూ నమ్మారు. ఏడాది ముందటిదని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఆ సంగతి తెలిశాక ‘ఎ నైట్ ఇన్ టునీషియా’ను నేను ఇంకా తేలికపడ్డ మనసుతో వింటున్నాను. వీడ్కోలు అనుకుని వింటే ప్రతి పదంలోనూ విషాదం వెతుక్కుంటాం. మామూలు రోజున ఒక దుకాణంలో, ఎదురుగా ఉన్న కొద్దిమంది కోసం వాయించాడనుకుని వింటే ఆ చొరవ, ఆ హుషారు వినబడతాయి. చుట్టు మీద చుట్టు వేస్తూ కొత్త పదాలు పుట్టిస్తాడు, ఒక్కటీ నలగనివ్వడు.

తర్వాతి ట్రంపెట్ వాద్యకారుల్లో ఫిలడెల్ఫియా కుర్రాడు లీ మోర్గన్ బ్రౌన్ నుంచి ఆ ధాటిని తీసుకున్నాడు. దానికి కొంటెతనం కలిపాడు. ఫ్రెడ్డీ హబ్బర్డ్ ఆ నిండు నాదాన్ని తీసుకుని మరింత పైస్థాయికి, మరింత బలంగా తీసుకెళ్లాడు. బుకర్ లిటిల్ ఆ స్పష్టతను తీసుకుని చేదు స్వరాల వైపు నడిచాడు. ముగ్గురూ గొప్పవాళ్లే, ముగ్గురూ వేరే దారి పట్టినవాళ్లే. వాళ్ల రికార్డులు వరసగా విన్నాక మళ్లీ ‘జాయ్ స్ప్రింగ్’ పెట్టండి. వాళ్లు తలా కొంత పట్టుకెళ్లినదంతా ఆ ఇరవై మూడేళ్ల వాడి దగ్గర ఒక్కచోటే ఉంది.