రేటింగు ఎవరి ఖాతాలోకి?

టీవీ చానళ్లలో పనిచేసేవాళ్లకి గురువారం అంటే గుబులు. వారం రేటింగులు చేతికొచ్చేది ఆ రోజే. అంకె పెరిగితే "మన స్టార్ వల్లే" అంటారు. తగ్గిందా, క్రికెట్ మీదికి తోసేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అమెరికా టీవీ కుస్తీలు గుర్తొస్తాయి. 1995 నుంచి 2001 దాకా అక్కడ సోమవారం రాత్రి 'రా', 'నైట్రో' ఎదురెదురు చానళ్లలో ఢీకొనేవి. పావుగంటకో అంకె. ఏ వస్తాదు తెర మీదికొస్తే జనం చేరారో, ఎవరొస్తే రిమోట్ నొక్కారో దాచినా దాగేది కాదు.

1999 జనవరి 4 రాత్రి సంగతి చూడండి. నైట్రోలో అసలు పోటీ హల్క్ హోగన్, కెవిన్ నాష్‌లకి, అదీ లైవ్‌లో. రాలో వస్తున్నదేమో ఆరు రోజుల కిందటి రికార్డింగు. అందుకే నైట్రో వ్యాఖ్యాత టోనీ షియావోనీ, పైవాళ్లు చెప్పమన్నట్టే, అవతల మిక్ ఫోలీ టైటిల్ గెలవబోతున్నాడని ముందే బయటపెట్టి వెటకారం చేశాడు. ఫలితం తెలిశాక ఎవరు చూస్తారని వాళ్ల ధీమా. లక్షల మంది అప్పటికప్పుడు రాకి మార్చేశారు.

ఫోలీ కండలు తిరిగిన వీరుడేం కాదు. బానపొట్ట, మాసిన గడ్డం, ఊడిన పళ్లు, సగం తెగిన చెవి. ఏళ్ల తరబడి తన్నులు తిన్న ఆ మనిషికి కిరీటం దక్కే ఘడియ కళ్లారా చూడాలనుకున్నారు జనం. శ్రీకృష్ణ రాయబారం ఫలించదని ఊరందరికీ తెలుసు, అయినా తెల్లవార్లూ నాటకం చూడరూ? ఫోలీ ముచ్చట తీరాక మళ్లీ నైట్రోకి వచ్చినవాళ్లకి కనబడిందేమిటంటే, హోగన్ వేలితో పొడిస్తే నాష్ వెల్లకిలా పడిపోవడం! అయిపోయింది పోటీ. పేర్లకేం, రెండూ కొండంత పేర్లే.

స్టార్‌కి బలం లేదని నేననను. 1998 జూలై 6న అట్లాంటా జార్జియా డోమ్‌లో గోల్డ్‌బర్గ్ హోగన్‌ని పడగొట్టిన రాత్రి నైట్రోదే పైచేయి. కాకపోతే గోల్డ్‌బర్గ్‌కి అప్పటిదాకా ఓటమే లేదు. ఆ జైత్రయాత్ర ఎక్కడ ఆగుతుందా అన్న ప్రశ్నని నెలల తరబడి పెంచారు. నెలల పంటని ఒక్క సోమవారానికి ఖర్చు పెట్టేశారు, అదీ డబ్బు కట్టించి చూపించగలిగిన పోటీని ఉచితంగా. నాకైతే అది వట్టి దుబారా అనిపిస్తుంది.

ఇక రా చరిత్రలోకెల్లా పెద్ద రేటింగు 8.1. వచ్చింది 1999 మే 10న. స్టీవ్ ఆస్టిన్, రాక్ మంచి ఊపు మీదున్న రోజులవి, నిజమే. అయితే ఆ రాత్రి నైట్రో ప్రసారమే కాలేదు. ఆ 8.1లో ఆస్టిన్ వాటా ఎంత, రాక్‌ది ఎంత, పోటీ లేని సోమవారానిది ఎంత? పావుగంట అంకెలు కూడా ఈ పంపకం చెయ్యలేవు. పారితోషికం బేరంలో మాత్రం ఏ స్టారైనా మొత్తం తనదేనంటాడు, నేనైనా అంతే.