గీత దాటిన జోఫ్, దాటలేని షిల్టన్

1982 జులై 5, బార్సిలోనా. ఇటలీ 3, బ్రెజిల్ 2. ఇంకో రెండు మూడు నిమిషాలు గడిస్తే ఆట అయిపోతుంది. ఫ్రీకిక్ మీద వచ్చిన బంతిని ఆస్కార్ తలతో గోల్లోకి దంచాడు. నలభై ఏళ్ల డీనో జోఫ్ పక్కకు పడి, బంతిని సరిగ్గా గీత మీద అదిమి పట్టేశాడు. గుద్ది బయటికి నెట్టలేదు. అలా నెట్టి ఉంటే ఎవడో ఒకడు మళ్లీ తన్నేవాడు. బ్రెజిల్ వాళ్లు గోలేనంటూ చేతులెత్తారు. బంతి మాత్రం గీత దాటలేదు.

1990 జులై 7, బారీ. ప్రపంచకప్ మూడో స్థానం కోసం ఇటలీతో ఇంగ్లండ్ ఆడుతోంది. ఇక్కడా గోల్లో ఉన్నది నలభై ఏళ్లవాడే, పీటర్ షిల్టన్. బంతిని కాళ్ల ముందు పెట్టుకుని తాపీగా ఉన్నాడు. రొబెర్తో బాజియో చాటుగా వచ్చి తన్నుకుపోయాడు, క్షణాల్లో గోల్ కొట్టాడు. దేశం తరఫున షిల్టన్‌కు అది 125వ మ్యాచ్, ఆఖరిది కూడా.

ఈ రెండు బంతుల్నే కొలతగా పెట్టుకుని వీళ్లను తూచేయడం సులువు, కానీ అన్యాయం. కీపింగ్ ఒక్కటే చూస్తే నా ఓటు షిల్టన్‌కే. ఇంగ్లండ్‌లో అతనంత ఒళ్లు వంచి సాధన చేసిన గోలీ పేరు నాకు తట్టదు. చిన్నప్పుడు చేతులు పొడుగవ్వాలని ఇంట్లో మెట్ల దగ్గర వేలాడేవాడట. జోఫ్ చిన్ననాటి కథ ఇంకో రకం. పద్నాలుగేళ్లప్పుడు ఇంటర్, యువెంటస్ క్లబ్బులు రెండూ పొట్టివాడివి పొమ్మన్నాయి. నాయనమ్మో అమ్మమ్మో, ఆ ముసలావిడ అదెలైదే, రోజుకు ఎనిమిది గుడ్లు తినమంది. అతను గుడ్లు తిన్నాడు, మోటారు మెకానిక్ పని నేర్చుకున్నాడు, పొడుగయ్యేదాకా ఆగాడు. ఒకడు వేలాడి పెరిగాడు, ఇంకొకడు ఓపిక పట్టి పెరిగాడు. తర్వాతి నలభై ఏళ్ల కథంతా నాకు ఈ తేడాలోనే కనిపిస్తుంది.

షిల్టన్‌ది చెమట కీపింగ్. 1980లో మాడ్రిడ్‌లో యూరోపియన్ కప్ ఫైనల్‌కు ముందు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టు బస చేసిన చోట సరైన పచ్చిక లేదు. సాధన చేయకపోతే అతనికి ముద్ద దిగదు. చివరికి రోడ్డు మధ్య ట్రాఫిక్ ఐలాండ్ మీద కాస్త గడ్డి కనిపిస్తే, ట్రాక్‌సూట్ చొక్కాలు గోల్ పోస్టుల్లా పడేసి, చుట్టూ కార్లు తిరుగుతుంటే అక్కడే దూకాడు. ఫైనల్లో హాంబర్గ్ ఎంత కొట్టినా అతన్ని దాటలేకపోయింది. ఫారెస్ట్ 1-0తో గెలిచింది.

జోఫ్ గాల్లో తేలుతున్న ఫొటోల కోసం వెతికితే నిరాశే. బంతి ఎక్కడికి రాబోతోందో అక్కడ ముందే నిలబడి ఉంటాడు. ఊరికే నిలబడ్డాడేమో అనిపిస్తుంది. 1972 నుంచి 1974 వరకు ఇటలీ తరఫున 1,142 నిమిషాలు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ వరస తెంపింది బ్రెజిలో జర్మనీయో కాదు, హైతీ. విధి చమత్కారం.

ఇద్దరికీ మచ్చలున్నాయి. 1973లో వెంబ్లీలో పోలండ్ ఆటగాడు డొమార్‌స్కీ కొట్టిన బంతి షిల్టన్ ఒంటి కిందుగా జారి గోలైంది, ఇంగ్లండ్ 1974 ప్రపంచకప్‌కే వెళ్లలేదు. 1978లో జోఫ్‌కు అర్జెంటీనాలో అంతకంటే ఎక్కువే జరిగింది. నెదర్లాండ్స్‌కు రెండు గోల్స్ ఇచ్చాడు, బ్రెజిల్‌కు రెండు, అన్నీ దూరం నుంచి కొట్టినవే. ముసలాడికి కళ్లు కనపడటం లేదని పత్రికలు రాశాయి. జోఫ్ మాటకు మాట అనలేదు. నాలుగేళ్లు ఆగి కెప్టెన్‌గా కప్పు పట్టుకుని వచ్చాడు. ఆ టోర్నీలో ఇటలీ జట్టు విలేకరులతో మాట్లాడం అని మౌనం పట్టింది. అందరి తరఫున ఒక్కరే మాట్లాడాలి కాబట్టి ఆ పని కెప్టెన్ మీద పడింది, అంటే జట్టులో అతి తక్కువ మాట్లాడే మనిషి మీద! కప్పు ఎత్తిన చేతుల్ని గుత్తూసో బొమ్మ గీస్తే ఇటలీ స్టాంపు వేసింది.

షిల్టన్‌కు అలాంటి స్టాంపు దక్కలేదు. 1986లో మారడోనా చేత్తో కొట్టిన గోల్ దక్కింది. దాన్ని అతను దశాబ్దాలపాటు మరవలేదు, క్షమించలేదు. తప్పు అతనిది కాదు, కోపం న్యాయమే. కానీ తర్వాత ఇద్దరూ కోచ్‌లయ్యారు, కోచ్‌గా పనికొచ్చే గుణం వేరు: అయిపోయిన గోల్‌ను వలలోంచి తీసి పక్కన పెట్టడం. ఇది అతనికి చేతకాలేదేమోనని నా అనుమానం.

1992 మార్చిలో ప్లిమత్ ఆర్గైల్ అతన్ని ప్లేయర్-మేనేజర్‌గా తెచ్చుకుంది. ఆ హైఫన్‌లోనే ఉంది తంటా. తొంభై నిమిషాలు గోల్లో నిలబడ్డవాడు అవతలి కొసలో ఫార్వర్డ్ ఎందుకు తప్పు పరుగు తీస్తున్నాడో ఎప్పుడు చూస్తాడు? ఆ సీజన్ చివరికే జట్టు కింది డివిజన్‌కు జారింది. 1993-94లో కాస్త వెలుగు: లీగ్ ఆఖరి రోజు హార్టిల్‌పూల్ మీద 8-1, మూడో స్థానం. ప్లేఆఫ్‌లో మాత్రం ప్లిమత్‌ను దాని సొంత మైదానంలోనే బర్న్‌లీ 3-1తో ఓడించింది. 1995 మొదట్లో ఆ కథ ముగిసింది. కోచ్‌గా జోఫ్‌కు యువెంటస్, షిల్టన్‌కు ప్లిమత్, ఇదేం పోలిక అని అడగొచ్చు. నిజమే, పోలిక సమానం కాదు. అయితే జోఫ్ గ్లవ్స్ 1983లోనే విప్పేశాడు. ముందు గోలీలకు నేర్పాడు, తర్వాత ఒలింపిక్ జట్టు చూశాడు, ఆ తర్వాతే పెద్ద కుర్చీ ఎక్కాడు. ఆగడం అతనికి చిన్నప్పటి అలవాటు.

1990లో, షిల్టన్ ఆఖరి మ్యాచ్ ఆడిన ఆ ఏడే, జోఫ్ యువెంటస్‌కు కోపా ఇటాలియా, యుఎఫా కప్ రెండూ గెలిపించాడు. అంతకుముందు సెప్టెంబర్లో అతని సహాయకుడు, పాత సహచరుడు షిరేయా ప్రత్యర్థి జట్టు ఆట చూడటానికి పోలండ్ వెళ్లి రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆ దుఃఖంలో గెలిచిన కప్పులవి. అయినా క్లబ్ అతన్ని పంపేసింది, కంటికింపైన ఆట కావాలంది. మరుసటి ఏడు ఆ జట్టుకు ఏడో స్థానం దక్కింది.

2000 యూరోకు ముందు గోలీ బుఫాన్ చెయ్యి విరిగితే, అప్పటికి ఇటలీ కోచ్‌గా ఉన్న జోఫ్ తోల్దోను దింపాడు. ఆంస్టర్‌డాం సెమీఫైనల్లో జాంబ్రోత్తా అరగంట దాటగానే రెడ్‌కార్డు తిన్నాడు, పది మందితోనే చివరిదాకా నిలిచారు. తోల్దో మామూలు ఆటలో ఒక పెనాల్టీ ఆపాడు, షూటౌట్‌లోనూ ఆపాడు. ఆ రోజు ఇటలీ ఆడింది ఫుట్‌బాల్ కాదు, పన్నెండు గజాల కీపింగ్ అని ఎవరైనా వెక్కిరిస్తే నేను వాదించను. ఫైనల్లో ఫ్రాన్స్ ఆఖరి క్షణాల్లో విల్టోర్డ్‌తో సమం చేసి, ట్రెజెగె గోల్డెన్ గోల్‌తో గెలిచింది. జిదాన్‌ను ఎందుకు కట్టడి చేయలేదంటూ రాజకీయ నాయకుడు బెర్లుస్కోనీ బహిరంగంగా దులిపాడు. రెండు రోజులకే జోఫ్ రాజీనామా పడేశాడు. 1978లో దేశమంతా అన్న మాటలు మింగినవాడు, ఈసారి ఒక్క మనిషి మాట పడలేకపోయాడు. చాలామంది దాన్ని పౌరుషమన్నారు. నాకది తొందరపాటుగానే తోస్తుంది. ఆగడం తెలిసినవాడు ఆగని ఒకే ఒక్కసారి అది.

షిల్టన్‌కు బెంచి అచ్చిరాలేదు, మళ్లీ గ్లవ్స్ తొడుక్కుని క్లబ్బు తర్వాత క్లబ్బు తిరిగాడు. 1996 డిసెంబర్ 22న జోఫ్ రోమ్‌లో లాజియో క్లబ్ అధ్యక్షుడు. అదే రోజు లండన్‌లో లేటన్ ఓరియంట్ తరఫున షిల్టన్ తన వెయ్యో లీగ్ మ్యాచ్‌కు గోల్లో నిలబడ్డాడు. వయసు 47. బ్రైటన్‌కు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.