ఎనిమిది సిలిండర్లు, ఒక బాట

నారాయణఖేడు నుండి నిజాంపేట మీదుగా సంగారెడ్డి–నాందేడు జాతీయరహదారిని అందుకొని వాయవ్యదిశగా సాగిపోవువానికి, దెగలూరు చేరుసరికి దుకాణముల బోర్డులమీది లిపి దేవనాగరి యగును. అట్లుగాక పడమరగా బీదరు బాట పట్టెనేని, మన అక్షరములకు జ్ఞాతియైన కన్నడలిపి ఎదురగును. మూడు భాషల పొలిమేరలో నిలిచిన ఈ ప్రాంతమున బాట యనునది పోవుటకు మాత్రమే ఏర్పడినది కాదు. కోతల కాలమున దానిమీద సగము మేర మక్కలు ఆరుచుండును. అంచున వరుసగా పేర్చిన రాళ్లు ఇటు రావలదని లారీలను శాసించును. ఎడ్లబండి ఎవరికొరకును తన నడకను మార్చుకొనదు. తండానుండి అంగడికి పోవు ఆటోలో ఎందరు కూర్చున్నారో దానిని నడుపువానికిని సరిగా తెలియదు. ఇట్టి బాటల నెరిగినవాడు అమెరికా దేశపు బాటచిత్రములను తొలిసారి చూచునపుడు కారును చూచి విస్మయపడడు, ఖాళీని చూచి విస్మయపడును. మైళ్లకొలది ఒక్క గేదెయైన అడ్డురాని బాట! ఆ శూన్యము లేనిదే ఆ కారు లేదు; ఆ కారు లేనిదే ఆ చిత్రములు లేవు; ఈ మూడింటిని విడదీయక చూచిననే గాని వాని గుణము మనకు పట్టువడదు.

మజిల్ కార్లని లోకము పిలుచు ఆ వాహనముల వైభవకాలము మిక్కిలి స్వల్పము. 1964లో మొదలై 1973 నాటికి అది అడుగంటినది. వాని నిర్మాణరహస్యము చెప్పుటకు ఒక్క వాక్యము చాలును: సామాన్యకుటుంబీకుడు కొనుక్కొను నడిమి పరిమాణపు కారును తీసికొని, దానిలో పెద్దకారునకు ఉద్దేశింపబడిన ఇంజనును దించుట. పాంటియాక్ శాఖలో జాన్ డెలోరియన్ మొదలగు ఇంజనీర్లు చేసినది ఇదియే. వారి మాతృసంస్థయగు జనరల్ మోటార్స్, నడిమి పరిమాణపు కార్లలో 330 ఘనపుటంగుళములకు మించిన ఇంజను పెట్టరాదని కట్టడి చేసియుండగా, వారు టెంపెస్ట్ అను కారులో 389 ఘనపుటంగుళముల, అనగా సుమారు 6.4 లీటర్ల, ఇంజనును నిలిపి, దానిని వేరొక కారుగా గాక, కోరినవారికి అదనపు వెలకు ఇచ్చు సామగ్రిగా మాత్రమే కాగితములపై చూపి, ఆ నిషేధమును దాటిరి. జీటీవో అను పేరు సైతము ఇటలీలోని ఫెరారీవారి కారునుండి నిస్సంకోచముగా ఎత్తుకొన్నదే. ఐదువేలు అమ్ముడుపోయిన చాలునని తలచినది తొలియేటనే 32,450 అమ్ముడుపోయెను. నిబంధనలోని సందు చూచుకొని లాభము గడించుట మనకు తెలియని విద్య కాదు గాని, అట్టి సందులోనుండి ఒక సంప్రదాయమే వెడలివచ్చుట అరుదు. మన అంబాసడరు కారు ఇంజను పరిమాణము 1,489 ఘనపు సెంటీమీటర్లు. అనగా ఆ పాంటియాకు ఒక్కదానిలో మన అంబాసడర్లు నాలుగింటి ఇంజనులు ఇమిడిపోగా, ఇంకను కొంత మిగులును.

ఈ వంశమున శిఖరమని రసికులు చెప్పుకొనునది క్రైస్లర్ సంస్థవారి 426 హెమీ. ఏడులీటర్ల ఈ ఇంజనులో పెట్రోలు మండు గది అర్ధగోళాకారమున ఉండును. అందుచేత గాలిని లోనికి తెచ్చు వాల్వు ఒక ప్రక్కకును, పొగను వెడలగొట్టు వాల్వు ఎదుటి ప్రక్కకును ఒరిగి, రెండింటిని వెడల్పుగా చేయుటకు చోటు చిక్కును; స్పార్కు ప్లగ్గు నడినెత్తికి సమీపమున కూర్చుండును; మిశ్రమము ఒక దిక్కున ప్రవేశించి, మండి, రెండవ దిక్కున అడ్డులేక నిష్క్రమించును. ఎంత గాలి పీల్చునో అంత బలము. ఇంతకు మించిన సూత్రము అందు లేదు. దానికి 425 అశ్వశక్తి యని కంపెనీ ప్రకటించెను గాని, ఆ కాలపు అంకెలను మక్కికి మక్కి నమ్మరాదు. 1971 వరకు అమెరికాలో ఇంజనును కారునుండి విప్పి, గాలి వడపోత, సైలెన్సరు మొదలగు భారములను తొలగించి, బల్లకు బిగించి కొలుచుట ఆచారము. 1972 నుండి కారులో ఉన్నది ఉన్నట్లే కొలువసాగిరి, అంకెలు ఒక్కసారిగా కుంగినవి.

ఇక ఆ ధ్వని. ఇంజనులోని ఎనిమిది సిలిండర్లు రెండు వరుసలై వీ అక్షరపు ఆకారమున నిలిచియుండును. క్రాంకు నిర్మాణమునుబట్టి ఒక్కొక్క వరుసలోని ప్రేలుళ్లు సమాన వ్యవధిలో రావు. ఒకచోట రెండు దగ్గర పడును, వేరొకచోట ఎడమగును. ఆ ఎగుడుదిగుడు తాళమే, కారు నిలిచియున్నపుడు కూడ వినవచ్చు ఆ గుడగుడ. దాని మహిమయంతయు తిన్నని బాటమీదనే. పలుకార్లలో ఆకుపట్టీల స్ప్రింగులు, డ్రమ్ము బ్రేకులు, సన్నని టైర్లు గల ఆ భారీకాయము పావుమైలు దూరమును పద్నాలుగు సెకనులకు అటునిటుగా లంఘించును గాని, మలుపు వచ్చినపుడు ముందు చక్రములు మాట వినక బయటికి జారజూచును. మా బీదరు బాటలో ఆ కారు పది నిమిషములు నడచిన గొప్ప.

ఇట్టి యంత్రమును తెరకెక్కించుటలో ఆ దేశపు దర్శకులు కనుగొన్న మెలకువలు, నా దృష్టిలో, యంత్రముకంటె విలువైనవి. 1968లో పీటర్ యేట్స్ తీసిన బుల్లిట్ చిత్రములో స్టీవ్ మెక్‌క్వీన్ నడుపు ఆకుపచ్చని మస్టాంగును, హంతకులిరువురు ఎక్కిన నల్లని డాడ్జ్ చార్జరును శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లపు వీధులలో ఒకదానినొకటి తరుముట సుమారు పదునొకండు నిమిషములు సాగును. ఆ ఘట్టమునకు పూర్వరంగమును చూడుడు. మొదట హంతకులే వెంబడింతురు. కార్లు మెల్లగా పోవును. లాలో షిఫ్రిన్ కూర్చిన సంగీతము అడుగున నడచుచుండును. ఇంతలో హంతకుని అద్దములో మస్టాంగు కనబడును, తరుమువాడే తరుమబడువాడైనాడు. చార్జరు నడుపువాడు, ఆ పాత్రధారి బిల్ హిక్‌మన్ నిజజీవితమున గొప్ప స్టంటు డ్రైవరు, మారుమాటాడక నడుమునకు బెల్టు బిగించుకొనును. అంతే. టైర్లు కీచుమనును, సంగీతము అక్కడ తెగిపోవును, అటుపిమ్మట చివరివరకు వినబడునవి ఇంజనులు, గేర్లు, టైర్లు మాత్రమే. ఒక్క బెల్టుతో ప్రేక్షకుని గుండె వేగమును మార్చిన ఆ నేర్పు, పది కార్లను గాలిలోనికి ఎగురవేసినను రాదు. కెమెరాలను కారులోపలనే బిగించి, గంటకు నూరు మైళ్లకు పైబడిన నిజవేగముతో నడపి తీసిరి గనుక, పల్లమునకు దుమికినపుడు చూచువాని కడుపులోనే ఆ దిగుడు తెలియును. కూర్పరి ఫ్రాంక్ కెల్లరునకు ఆస్కారు దక్కినది. ఐనను కన్ను మూయక చూచువానికి ఒక వినోదము కలదు: ఒకే ఆకుపచ్చని ఫోక్స్‌వ్యాగన్ బీటిలు మరల మరల దాటబడుచుండును, చార్జరు చక్రముల మూతలు దానికున్న చక్రములకంటె ఎక్కువగా ఊడిపడును.

తరుముట వేరు, బాట వేరు. 1971లో వచ్చిన రెండు చిత్రములు ఈ భేదమును నిరూపించినవి. రిచర్డ్ సరాఫియన్ తీసిన వానిషింగ్ పాయింటులో కొవాల్‌స్కీ యను కారు చేరవేతదారు డెన్వరునుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు తెల్లని డాడ్జ్ చాలెంజరును వాయువేగమున నడపుచు, పోలీసులను లెక్కచేయక, ఎందుకు పోవుచున్నాడో ఎవరికిని చెప్పడు. అంధుడైన ఒక రేడియో వ్యాఖ్యాత అతనికి తన ప్రసారములద్వారా నేస్తమగును. దూరపు కటకముతో తీసిన ఎడారిలో ఆ తెల్లని కారు మొదట ఎండమావిలో వణకు చుక్కయై, పిదప బాటకంటె పెద్దదై కనబడును. శూన్యమునే పాత్రగా నడపిన నైపుణ్యమది. వేగము ఎంత పెరిగినను మార్గము తరుగదు, మనిషి మాత్రము తరిగిపోవును.

మాంటీ హెల్‌మన్ తీసిన టూ-లేన్ బ్లాక్‌టాప్ ఇంకను విచిత్రమైనది. అందలి పాత్రలకు పేర్లే లేవు: డ్రైవరు, మెకానిక్కు, అమ్మాయి, నాల్గవవాడు తన కారు పేరుతో జీటీవో. 1955 నాటి పాత షెవర్లే ఒక వైపు, 1970 నాటి క్రొత్త పాంటియాకు మరియొక వైపు, ఓడినవాని కారు గెలిచినవానికి అని పందెము వేసికొని తూర్పునకు బయలుదేరుదురు. కాని కొంతదూరము పోవుసరికి ఆ పందెమును పాత్రలును మరతురు, చిత్రము సైతము మరచును. వారెన్ ఓట్స్ ధరించిన జీటీవో పాత్ర, దారిలో కారెక్కించుకొన్న ప్రతివానికి తన గతమును వేరొక విధముగా చెప్పుకొనును. కారు కొనుట సులభము, దానికి తగిన మనిషిగా అగుట దుర్లభము అను సంగతిని ఇంతకంటె సున్నితముగా చూపిన చిత్రమును నేనెరుగను. విడుదలనాడు జనము ఆదరింపలేదు, క్రమముగా భక్తులేర్పడిరి. చిత్రాంతమున ఫిల్మే తెరమీద కాలిపోయినట్లు చూపుదురు.

ఆ చిత్రములు వెలువడునాటికే కార్ల ఆయువు తీరుచుండెను. 1970లో వాయుకాలుష్యమును అరికట్టు కఠినశాసనము, యువకులకు బీమా రుసుముల పెరుగుదల, 1973లో అరబ్బుదేశముల చమురు నిలుపుదల, ఒకదానివెంట ఒకటి వచ్చి పడినవి.

మన దేశమునకు ఈ కార్లు దాదాపు రానేలేదు. 1928లో బొంబాయిలో కార్ల కూర్పు మొదలుపెట్టిన జనరల్ మోటార్స్ 1950ల నడుమ ఆ పని చాలించుకొన్నది. ప్రీమియర్ సంస్థ 1947 నుండి డాడ్జ్, ప్లిమత్ కార్లను, ఫార్గో లారీలను కూర్చినను, దిగుమతుల ఆంక్షలు బిగిసినకొలది అమెరికా కారు మన ఊహలో 1950ల దగ్గరనే గడ్డకట్టినది. రాయబార కార్యాలయములవారు వాడి విడిచిన ఇంపాలా కార్లు ప్రభుత్వ వ్యాపారసంస్థ ద్వారా ధనికుల చేతికి వచ్చుచుండెను. ఆనాటి మదరాసు స్టూడియోల తెలుగుచిత్రములలో పొడవాటి అమెరికా కారు చేయు పనియంతయు ఒక్కటే: భవనపు ముంగిట నిలుచుట. తలుపు తెరచుకొనును, జరీ అంచు పంచె కనబడును, కారు పని తీరును.

మన తెరకు స్వంతమైన బలిష్ఠవాహనము వచ్చుటకు 1994 వరకు ఆగవలసివచ్చినది. ఆ యేట టాటావారు తెచ్చిన సుమో, సుమంత్ మూల్గావ్‌కర్ అను పేరులోని రెండు మాటల మొదటి రెండేసి ఇంగ్లీషు అక్షరములను కూర్చి నామకరణము చేసినది, డీజిలుతో నడచుచు వెనుక ఎదురెదురు బల్లలమీద కూడ జనమును మోయగలది. రాయలసీమ కక్షల చిత్రములు దానిని ఆవాహన చేసికొన్నవి. 2002లో వి.వి. వినాయక్ తీసిన ఆది చిత్రమునాటికి సుమోలు గాలిలోనికి లేచుట తెలుగుతెరపై ఒక సంస్కారవిధియే అయ్యెను. ఇచట ఒక సూక్ష్మము గమనింపదగినది. కొవాల్‌స్కీ చాలెంజరు ఒక్కటే, అందు మనిషి ఒక్కడే. మన సుమోలు ఎన్నడును ఒంటరిగా రావు, వరుసగా వచ్చును, అందు వంశము కూర్చుండును, కత్తులు కూర్చుండును. అమెరికా కారు ఇల్లు విడిచిపోవును. మన సుమో ఒక ఇంటినుండి మరియొక ఇంటిమీదికి పోవును. నడుమనున్న బాట ఎర్రదుమ్ము రేపుటకు మాత్రమే ఉపయోగపడును. దుమ్ము అణగినపిదప ఆ బాటలో ఎవరున్నారో ఏ దర్శకుడును తిరిగి చూడలేదు.

బాటను చూచినవారు బొత్తిగా లేకపోలేదు. రామ్‌గోపాల్‌వర్మ 1991లో తీసిన క్షణ క్షణం, దోపిడీ సొమ్ముకై తరుమబడు జంటను నగరమునుండి అడవిలోనికి త్రోసి, ఆ అపరిచితులు ఒకరినొకరు తెలిసికొనుటకు పరుగును సాధనము చేసినది. 2003లో గుణశేఖర్ తీసిన ఒక్కడు కర్నూలునుండి హైదరాబాదునకు పరుగెత్తించి, అంతలోనే తన బ్రహ్మాండమైన చార్మినారు సెట్టులో ఇల్లు కట్టుకొన్నది. 2008లో క్రిష్ తన తొలిచిత్రముగా తీసిన గమ్యం మాత్రము బాటనే కథగా గ్రహించినది. ధనికుడైన అభిరాము తాను ప్రేమించిన జానకిని వెదకుచు మోటారుసైకిలుపై పల్లెలబడి పోవును. మోటారుసైకిళ్ల దొంగ గాలి శీను అతనికి తోడగును. శర్వానందు ముఖములోని బిగువును అల్లరి నరేశు మాటలోని సడలింపును ఎదురుబదురుగా నిలుపుటతోనే సగము ప్రయాణము జరిగిపోవును. ఇచట వేగమునకు పనిలేదు. బండి ఆగిన ప్రతిచోట ఒక మనిషి ఎదురగును. ఎదురైన ప్రతి మనిషియు నాయకుని ఆలోచనను కొంత తరలించును. అమెరికా చిత్రములో కారు ఆగినచో కథ చచ్చును. గమ్యములో బండి ఆగిననే కథ నడచును. మన బాటల స్వభావమునుండి పుట్టిన శిల్పమిది, వారినుండి అరువు తెచ్చినది కాదు.

ఈ మార్గము గమ్యముతో ఆగిపోవలసిన అవసరము లేదు. నేడు చేతిలో ఇమిడిపోవు కెమెరాలున్నవి. అవి వచ్చినవెంటనే మన దర్శకులు డ్రోనును ఆకాశమునకెత్తి, బాటను పటములోని గీతగా మార్చి, మరల మనుషులను మాయము చేయుచున్నారు. బుల్లిట్టు కెమెరా డ్రైవరు భుజము ప్రక్కన ఉండుటయే దాని బలము. అట్లే ఒక లారీ ముందుబల్లమీద కెమెరాను నిలిపి, నిజాంపేటనుండి దెగలూరువరకు తీసికొనిపోవు దర్శకుడు దొరికెనేని, అతనికి ఎడారి అక్కరలేదు: తెలుగున మొదలైన మాట దక్కని ఉర్దూలోనికి, అటనుండి మరాఠీలోనికి జారుట దాబా దాబాకు వినవచ్చును, తూకపుచీటీ గూర్చిన వాదము ఒక భాషలో మొదలై మరియొక భాషలో రాజీకి వచ్చును, క్లీనరు బాలుడు మూడింటిలోను తిట్టగలవాడై యుండును. ఆ చిత్రమున పాటలెన్నియైన పెట్టుకొనవచ్చును గాని, లారీ నిండుభారముతో ఎత్తు ఎక్కుచు గేరు మార్చుచోట మాత్రము వాద్యములు ఆగవలెను.