సారసంగ్రహములోని హారసంఖ్యలు

తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహములో, గుణకారమును బోధించు తావున, కొన్ని వింత లెక్కలున్నవి. 152207ను 73చే గుణించిన 11111111 వచ్చును. 12345679ను 9చే గుణించిన తొమ్మిది ఒకట్లు వరుసగా నిలుచును. ఇట్టి లబ్ధములను ఆచార్యుడు కంఠాభరణములతో పోల్చెను. పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన ఈ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మూలములోని జైన సంబంధమైన ఉదాహరణలకు బదులు శైవమైనవి చేర్చిన స్వతంత్రుడాయన.

ఈ లెక్కలను నేడు మెచ్చుకొనువారు పలువురు కలరు. కాని వారి మెప్పు లబ్ధము యొక్క అందముకడనే ఆగిపోవుచున్నది. హారమును చూచి మురియుటయే గాని, పూసలను విడదీసి చూచుట లేదు. ఈ లోపమును ఆచార్యునిపై మోపుట న్యాయము కాదు; ఆ ప్రకరణము గుణకారమునకు గాని, కారణాంకములకు కాదు. దానిని తరగతిలో వినిపించువారే ఒక అడుగు ముందుకు వేయవలసియున్నది.

73 ప్రధాన సంఖ్య. బంగారుపాళ్యం మామిడి మండీలో 73 కాయలను సమానమైన వరుసలుగా పేర్చబోయినచో, అన్నిటిని ఒకే వరుసలో ఉంచవలెను, లేదా వరుసకొక్కటి చొప్పున ఉంచవలెను. 152207 అట్టిది కాదు. అది 11, 101, 137ల లబ్ధము. అనగా ఆ ఎనిమిది ఒకట్ల హారము నాలుగు ప్రధాన సంఖ్యలతో కట్టినది.

మరి తెగని హారమున్నదా? అంకెల సంఖ్య విభాజ్యమైనచో హారము తెగితీరును: ఎనిమిది ఒకట్లను 11 నిశ్శేషముగ భాగించును, 1111 కూడ భాగించును. అంకెల సంఖ్య ప్రధానమైనంత మాత్రమున తెగకుండునను హామీ లేదు. 111 అనగా 3 × 37. 11111 అనగా 41 × 271. ఇచ్చట ఒక చక్కని నియమము కలదు. అంకెల సంఖ్య 3 కంటె పెద్ద ప్రధాన సంఖ్యయైనచో, హారము యొక్క ప్రతి ప్రధాన కారణాంకమును ఆ అంకెల సంఖ్యకు రెట్టింపుచే భాగింపగా 1 శేషించును. 41ని, 271ని 10చే భాగించి చూడుడు. ఏడు ఒకట్లకు 14చే భాగించిన 1 శేషించు ప్రధాన సంఖ్యలు చాలును: 29, 43, 71, 113, 127, 197, 211 విఫలము కాగా, ఎనిమిదవదైన 239 దొరకును. 239 × 4649 = 1111111. పదవ తరగతి విద్యార్థి ఒక పీరియడులో దీనిని సాధింపగలడు.

పందొమ్మిది ఒకట్లకు ఈ జల్లెడ చాలదు. 38చే భాగింపగా 1 శేషించు సంఖ్యలను దాని వర్గమూలమగు సుమారు 105 కోట్ల వరకు తీసికొన్న, అవి రెండుకోట్ల డెబ్బది లక్షలకు మించును. అయినను ఆ హారము తెగదని హోప్ నిరూపించెను. తరువాత 23, 317, 1031 ఒకట్ల హారములు ప్రధాన సంఖ్యలని తేలినవి. 49081 ఒకట్ల హారమునకు పూర్తి నిరూపణ 2022లో లభించినది. ఇట్టివి అనంతముగ ఉన్నవా అను ప్రశ్నకు ఇంకను సమాధానము లేదు.