అమృత ఆధునికురాలు, సునయని అమాయకురాలా?

1922లో కలకత్తాలో జర్మనీకి చెందిన బౌహౌస్ కళాశాల చిత్రకారుల ప్రదర్శన పెట్టినప్పుడు, అదే చోట సునయనీదేవి బొమ్మలూ ఉన్నాయి. అప్పటికి అమృతా షేర్‌గిల్‌కు తొమ్మిదేళ్లు. అయినా మన ఆధునిక చిత్రకళకు ఆద్యురాలెవరంటే అమృత పేరే చెప్తాం. సునయని మాటొస్తే 'అమాయక చిత్రకారిణి' అని ఒక తోక తగిలిస్తాం.

సునయని జొరాసాంకో ఠాకూర్ల ఇంటి ఆడపడుచు, గగనేంద్రనాథ్, అవనీంద్రనాథ్‌ల చెల్లెలు. పన్నెండేళ్లకే పెళ్లి. ముప్పైల్లో, సంసారం చూసుకుంటూనే కుంచె పట్టింది. గురువంటూ లేడు. అన్నలు వేస్తుంటే చూసి వాష్ పద్ధతి పట్టుకుంది, బెంగాలీ పటచిత్రాల నుంచి గీత తెచ్చుకుంది. అమృత బుడాపెస్ట్‌లో పుట్టి, పారిస్‌లో చదివి, 'యంగ్ గర్ల్స్' చిత్రానికి 1933లో అక్కడే స్వర్ణపతకం అందుకుంది. సునయని అన్నల బెంగాల్ శైలి అంటే ఆమెకు పడదు.

ఇద్దరి బొమ్మల్లోనూ ఆడవాళ్ల కళ్లు చూడండి. సునయని రాధల కళ్లు చెవులదాకా సాగి, సగం మూసుకుని ఉంటాయి. నీళ్లలో తడిసిన రంగు అంచుల దగ్గర పలచబడి, ముఖం కలలోంచి తేలినట్టుంటుంది. ఆ రెప్పల వెనక ఒక పరవశం ఉంది. అమృత 'త్రీ గర్ల్స్' (1935)లో ముగ్గురమ్మాయిలూ కళ్లు దించుకునే ఉన్నారు. వాళ్ల విషయం ఇంకెవరో తేల్చేశారు, వాళ్లనెవరూ అడగలేదు. ఎరుపు, ఆకుపచ్చ, పసిమి రంగు బట్టలు ఎంత నిండుగా ఉంటే ఆ మౌనం అంత బరువుగా తోస్తుంది. ఇంత బరువు మోయగల బొమ్మ సునయని వేయలేదు. చిత్రకారిణిగా అమృతే పెద్దది, అందులో నాకు సందేహం లేదు.

నా పేచీ కొలబద్దతోనే. నాటి నిజాం రాజ్యంలోని అజంతాను చూశాక అమృత వివరాలు తగ్గించి, ఆకారాలను చదును చేసింది. 1937 నాటి 'బ్రైడ్స్ టాయిలెట్' దాని ఫలితమే. పారిస్‌లో నేర్చినది వదిలించుకుంటే ఆధునికత, అసలు నేర్వని గృహిణి అక్కడికే చేరితే అమాయకత్వం అయింది. పైగా అమృత తన కళ గురించి ఉత్తరాల్లో, వ్యాసాల్లో తానే వాదించుకుంది. సునయని తరఫున కళా చరిత్రకారిణి స్టెల్లా క్రామ్‌రిష్ వంటివాళ్లు రాయాల్సి వచ్చింది. 2023లో అమృత 'ద స్టోరీ టెల్లర్' వేలంలో 61.8 కోట్ల రూపాయలు పలికిందంటే, ఆ ఉత్తరాల పలుకుబడీ అందులో కొంత ఉంది.

ఇంకొకటి. అమృత పల్లె మనుషుల ముఖాల్లోని దిగులు ఒక్కోసారి వాళ్లదా, ఆమెదా అనిపిస్తుంది. 'హిల్ విమెన్'లో ఒక్కరూ నవ్వరు. కొండ ఊళ్లలో ఆడవాళ్లు నవ్వరా? బయటినుంచి వచ్చిన చూపుకుండే చిక్కు అది. తాను పుట్టి పెరిగిన లోకాన్నే గీసిన సునయనికి అది లేదు.